నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కళ్ళారా చూడటం

ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1948 జూన్ 21న ఒక యంత్రం 52 నిమిషాల పాటు ఆగకుండా లెక్క చేసింది. దాని ముద్దుపేరు 'బేబీ'. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్, జెఫ్ టూటిల్ కట్టిన ఈ యంత్రం, ప్రోగ్రామ్‌ను తన ఎలక్ట్రానిక్ మెమరీలోనే దాచుకుని నడిపిన మొట్టమొదటి కంప్యూటర్. కిల్‌బర్న్ రాసిన ఆ ప్రోగ్రామ్‌లో ఉన్నవి 17 ఆదేశాలు. 2,62,144 అనే సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో, దాన్ని మినహాయిస్తే, అన్నిటికంటే పెద్దది ఏదో కనుక్కోవాలి. బేబీకి భాగహారం రాదు, తీసివేత ఒక్కటే వచ్చు. ఒక్కో సంఖ్యనూ పట్టుకుని పదేపదే తీసివేస్తూ, దాదాపు 35 లక్షల అడుగులు వేసి, 1,31,072 దగ్గర ఆగింది. అదే సరైన జవాబు.

ఆ జవాబును కాగితం మీద అచ్చువేసే పరికరం బేబీకి లేదు. ఒక చిన్న గాజు తెర ఉంది. మెమరీలో 32 వరుసలు, వరుసకు 32 బిట్లు, మొత్తం 1,024. వాటిలో ప్రతిదానికీ తెర మీద ఒక వెలుగు చుక్క. మెమరీలో బిట్టు మారిన క్షణాన తెర మీద చుక్క మారుతుంది. మొదటి ప్రయత్నాల్లో ఆ చుక్కలు పిచ్చిగా గంతులు వేశాయనీ, ఒకరోజు అవి నిలిచిపోయి, ఉండాల్సిన చోట జవాబు వెలుగుతూ కనిపించిందనీ విలియమ్స్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు.

ఈ ఘట్టాన్ని కంప్యూటర్ చరిత్ర పుస్తకాలన్నీ చెబుతాయి. అందులో నన్ను పట్టి నిలిపే విషయం మాత్రం వేరు. ఆ రోజున ప్రోగ్రామ్ రాసినవాళ్ళు తమ యంత్రం మనసులో ఏముందో మొత్తంగా, ఒక్క చూపులో చూడగలిగారు. ఆ తర్వాత ఆ భాగ్యం మనకు దక్కలేదు. ఇవాళ 8 గిగాబైట్ల మెమరీ ఉన్న ఫోన్ చాలామంది జేబులో ఉంది. దాని బిట్లన్నిటినీ బేబీ తెరలాంటి తెరల మీద చూపించాలంటే 6 కోట్ల 71 లక్షల తెరలు కావాలి. గోడలన్నీ తెరలతో నింపినా చూసే కళ్ళు రెండే కదా. అందుకే, దేన్ని చూడాలి, దేన్ని వదిలేయాలి అని తేల్చుకుని చూపించే సాధనాలు పుట్టాయి. ఈ అధ్యాయం వాటి గురించి.

రాసిన నాటకం, ఆడుతున్న నాటకం

ప్రోగ్రామ్ అంటే మన కళ్ళముందు కనిపించేది పాఠం, అంటే వరుసగా రాసిన ఆదేశాలు. తప్పు జరిగేది మాత్రం ఆ పాఠం నడిచేటప్పుడు. రాసిపెట్టిన నాటకానికీ, రంగస్థలం మీద ఆడుతున్న నాటకానికీ ఎంత తేడా ఉంటుందో ఈ రెండిటికీ అంత తేడా. మూడు పంక్తుల లూప్ పది లక్షల సార్లు తిరగవచ్చు. అందులో 7,40,213వ సారి మాత్రమే లెక్క తప్పవచ్చు. పాఠం చదువుతున్నవాడికి ఆ మూడు పంక్తులే కనిపిస్తాయి, అవి చూడటానికి శుభ్రంగానే ఉంటాయి.

కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌ను కట్టిన మారిస్ విల్క్స్‌కు 1949లోనే ఈ సంగతి తగిలింది. ఇకమీదట తన జీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రామ్‌లలో తప్పులు వెతుక్కోవడానికే పోతుందని ఒకరోజు మెట్లెక్కుతుండగా తనకు అర్థమైందని ఆయన రాసుకున్నారు. ఆ మాట నేటికీ నిజం. కొత్తగా రాయడానికి పట్టే సమయం కంటే, రాసింది ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి పట్టే సమయమే చాలాసార్లు ఎక్కువ.

తప్పు వెతకడానికి అందరూ మొదట చేసే పని ఒకటుంది. అక్కడక్కడా ప్రింట్ పెట్టి, ఆ చోట విలువ ఎంత ఉందో అచ్చువేయించి చూడటం. ఇది మంచి పద్ధతే, ఎంత అనుభవమున్నవాళ్ళైనా చేస్తారు. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఏ విలువ మీద మనకు అనుమానం ఉందో దాన్నే అచ్చువేయిస్తాం. మనకు అనుమానమే రాని చోట తప్పు దాక్కుని ఉంటే, వంద ప్రింట్లు పెట్టినా దాని జోలికి పోము. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను గీసి చూపించే బొమ్మ మాత్రం మనం అడగనిదాన్ని కూడా పక్కనే పెట్టి చూపిస్తుంది. దాని బలం అక్కడే ఉంది.

రెండు బాణాలు, ఒక పెట్టె

ఒక చిన్న ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పైథాన్ భాషలో పేర్లను తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, కాబట్టి ఈ మూడు పంక్తులూ ఉన్నవి ఉన్నట్టుగా కంప్యూటర్‌లో నడుస్తాయి:

పాత = [31, 62, 48]
కొత్త = పాత
కొత్త[0] = 35

ముగ్గురు పిల్లల మార్కులివి. మొదటి పిల్లవాడికి 31 వచ్చాయి. గ్రేస్ మార్కులు కలిపి 35 చేయాలని టీచర్ ఉద్దేశం. పాత జాబితా చెక్కుచెదరకుండా ఉండాలి, కొత్త జాబితాలో మాత్రమే మార్పు జరగాలి. అందుకే రెండో పంక్తిలో నకలు తీశారు, లేదా తీశామనుకున్నారు. ఇప్పుడు ప్రశ్న: మూడో పంక్తి నడిచాక పాత జాబితాలో మొదటి మార్కు ఎంత? నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది 31 అంటారు. కంప్యూటర్ 35 అంటుంది. పాత జాబితాను ఎవరూ ముట్టుకోలేదు, అయినా అది మారిపోయింది.

పాఠాన్ని ఎంతసేపు చూసినా ఈ చిక్కు విడదు. ఇక్కడ ఫిలిప్ గువో 2010 ప్రాంతంలో మొదలుపెట్టిన 'పైథాన్ ట్యూటర్' అనే సాధనం ఏం చేస్తుందో చూడండి. తెర మీద ఎడమవైపు పేర్లు, కుడివైపు పెట్టెలు. మొదటి పంక్తి నడవగానే 31, 62, 48 ఉన్న ఒక పెట్టె వస్తుంది, 'పాత' అనే పేరు నుంచి దాని మీదికి ఒక బాణం. 'తర్వాత' మీట నొక్కితే రెండో పంక్తి నడుస్తుంది. ఇక్కడ రెండో పెట్టె వస్తుందని మనం ఎదురుచూస్తాం. రాదు. 'కొత్త' అనే పేరు వచ్చి, దాని బాణం కూడా అదే పెట్టెకు గుచ్చుకుంటుంది. ఇంతే సంగతి. మనం నకలు తీయలేదు, ఒకే పెట్టెకు రెండో పేరు పెట్టాం. రెండో పంక్తిని కొత్త = పాత[:] అని మార్చి మళ్ళీ నొక్కితే రెండో పెట్టె వచ్చి నిలబడుతుంది.

ఇక్కడ జరిగినదాన్ని గమనించండి. బొమ్మ తప్పును ఎర్రగా గీసి చూపించలేదు, సూచన ఏదీ ఇవ్వలేదు. మన మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంది, అందులో రెండు పెట్టెలున్నాయి. తెర మీది బొమ్మలో ఒకటే ఉంది. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన చేరిన క్షణాన తప్పు బయటపడింది. ప్రోగ్రామ్‌లో తప్పు అంటే చాలావరకు ఇదే: మనం ఊహించుకున్నదానికీ, జరుగుతున్నదానికీ మధ్య ఉన్న ఎడం. ఈ ఎడాన్ని కంటికి కనిపించేలా చేయడమే ఈ సాధనాలన్నిటి పని.

బోధనలో ఈ ఆలోచన పాతదే. టొరంటో విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బెకర్ 1981లో 30 నిమిషాల సినిమా తీశారు. సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదానికి క్రమంలో పేర్చే తొమ్మిది పద్ధతులు అందులో కదులుతూ కనిపిస్తాయి. చివర తొమ్మిదింటికీ పందెం పెడతారు. వేగంగా పేర్చేవి పని ముగించి కూర్చుంటే, నెమ్మదైనవి ఇంకా తంటాలు పడుతూనే ఉంటాయి. ఒక పద్ధతికి పట్టే సమయం, పేర్చాల్సిన సంఖ్యలు ఎన్ని ఉన్నాయో దాని వర్గంతో పెరుగుతుందని సూత్రంగా చదివిన విద్యార్థికి, ఆ మాటకు అర్థం ఆ పందెంలో తెలుస్తుంది.

అంగారకుడి మీద ఆగి ఆగి నడిచిన కంప్యూటర్

కొన్ని తప్పులకు పెట్టెలు, బాణాలు చాలవు. అవి పుట్టేది కాలంలో. ఏ పని ఎప్పుడు మొదలైంది, దేనికోసం ఎంతసేపు ఆగింది అన్నదే అక్కడ ప్రశ్న.

నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అంగారకుడి మీద దిగింది. ఫొటోలు రావడం మొదలైంది. కొద్ది రోజులకు నౌకలోని కంప్యూటర్ ఉన్నట్టుండి తనంతట తానే రీసెట్ అవసాగింది. రీసెట్ అయినప్పుడల్లా ఆ రోజు చేయాల్సిన మిగతా పని మర్నాటికి వాయిదా పడేది. మరమ్మతుకు ఎవరినీ పంపలేని దూరం అది.

ఆ కంప్యూటర్‌లో ఒకేసారి అనేక పనులు నడుస్తున్నాయి, ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం. ముఖ్యమైన పని వస్తే అంత ముఖ్యం కానిది పక్కకు తప్పుకోవాలి. మన కథకు కావలసినవి మూడు. సమాచారాన్ని నౌకలోని భాగాల మధ్య పంచే పనికి ప్రాధాన్యం ఎక్కువ. వాతావరణ కొలతలు సేకరించే పనికి తక్కువ. భూమితో సంభాషణలాంటి పనులు ఈ రెండిటి నడుమ ఉంటాయి. పంపిణీ పని, వాతావరణ పని ఒకే ఉమ్మడి సామాను గదిని వాడతాయనుకోండి. గదికి తాళంచెవి ఒక్కటే, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే లోపలికి వెళ్ళాలి.

ఇప్పుడు మూడు పట్టీలు ఒకదాని కింద ఒకటి గీయండి, పనికొక పట్టీ. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. కింది పట్టీలో వాతావరణ పని తాళంచెవి తీసుకుని గదిలోకి వెళ్ళింది, అక్కడ రంగు వేయండి. అంతలో పై పట్టీలో పంపిణీ పని లేచింది. చెవి లేదు, కాబట్టి ఆగింది. అక్కడ ఖాళీ వదలండి. వాతావరణ పని చిటికెలో ముగించి చెవి ఇచ్చేస్తుంది, ఇబ్బంది లేదు. కానీ సరిగ్గా ఆ సందులో నడిమి పట్టీలోని పని లేచింది. వాతావరణ పని కంటే తనది ముఖ్యం కాబట్టి దాన్ని పక్కకు నెట్టి తాను నడవడం మొదలుపెట్టింది. నడిమి పట్టీ అంతా రంగు. కింది పట్టీ చెవి పట్టుకుని నిలబడిపోయింది, పై పట్టీ చెవి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. అందరికంటే ముఖ్యమైన పని, నడిమివాడు ముగించేదాకా ఖాళీగా కూర్చుంది. సెకనుకు 8 సార్లు తిరిగే ఆ పంపిణీ చక్రం సకాలంలో ముగిసిందా లేదా అని చూసే కాపలా పని ఒకటుంది. ముగియలేదని గమనించగానే అది యంత్రాన్ని రీసెట్ చేసింది.

ఈ ప్రోగ్రామ్‌లో ఏ పనిని విడిగా చదివినా తప్పు కనబడదు. వాతావరణ పని చెవి తీసుకుని తిరిగి ఇస్తుంది, అది సరైనదే. నడిమి పని తన ప్రాధాన్యం ప్రకారం నడుస్తుంది, అదీ సరైనదే. తప్పు ఉన్నది ఆ మూడు పట్టీలను నిలువుగా కోసి చూసినప్పుడు కనిపించే అమరికలో. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు భూమి మీద ఉన్న నమూనా కంప్యూటర్‌లో అదే ప్రోగ్రామ్‌ను నడిపారు. పనుల మధ్య జరిగే ప్రతి మార్పిడినీ, తాళంచెవి చేతులు మారిన ప్రతిసారినీ నమోదు చేసే ఏర్పాటుతో, రీసెట్ మళ్ళీ వచ్చేదాకా నడిపించారు. నమోదు చూడగానే చిక్కు విడింది. ముఖ్యమైన పని చెవి కోసం ఆగినప్పుడు, చెవి ఉన్న పనికి ఆ కాసేపూ ఆ పెద్ద ప్రాధాన్యాన్నే అప్పుగా ఇచ్చే సదుపాయం ఆ వ్యవస్థలో అప్పటికే ఉంది, దాన్ని వాడకుండా వదిలారు. వాడమని చెప్పే మార్పును అంగారకుడికి పంపారు, రీసెట్లు ఆగాయి.

ఇలాంటి పట్టీల బొమ్మ ఇప్పుడు అరుదేమీ కాదు. బ్రౌజర్లలో వెబ్ పేజీ ఎందుకు నెమ్మదిగా తెరుచుకుంటుందో చూసేందుకు అడ్డంగా పేర్చిన పట్టీలు ఉంటాయి. ఏ ఫైలు ఎప్పుడు మొదలై ఎప్పుడు వచ్చిందో, ఏది దేనికోసం ఆగిందో అక్కడ చూడవచ్చు. పేజీ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే, మొదట ఆ పట్టీలు తెరిచి చూడటం వెబ్ ఉద్యోగుల దినచర్య.

ఆరు లక్షల పంక్తులు ఒక బొమ్మలో

మూడో రకం ప్రశ్న: ప్రోగ్రామ్ సరిగ్గానే పనిచేస్తోంది, కానీ సమయమంతా ఎక్కడ ఖర్చవుతోంది?

దీనికి ఒక తేలికైన ఉపాయం ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను సెకనుకు వంద సార్లకు అటూ ఇటుగా ఆపి, 'ఇప్పుడు ఏ పనిలో ఉన్నావు, ఆ పనికి నిన్ను ఎవరు పురమాయించారు, వాళ్ళను ఎవరు పురమాయించారు' అని అడిగి రాసుకోవడం. సరిగ్గా వంద కాకుండా 99 సార్లు అడిగేవాళ్ళు ఎక్కువ. ప్రోగ్రామ్‌లో సెకనుకు వంద సార్లు జరిగే పని ఏదైనా ఉంటే, మన ప్రశ్న ప్రతిసారీ దాన్నే పట్టుకునే ప్రమాదం ఉంటుంది. 99 పెడితే ఆ తాళం తప్పుతుంది.

చిక్కల్లా జవాబులు చదవడంలో ఉంది. బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీర్ 2011లో ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సమస్యను పరిశీలిస్తుండగా ఇలా వచ్చిన జవాబులు 5 లక్షల 90 వేల పంక్తులు దాటాయి. అన్ని పంక్తులను ఎవరు చదవగలరు? ఆయన వాటిని ఒక బొమ్మగా పేర్చారు. ప్రతి పనీ ఒక అడ్డపట్టీ. దాన్ని పురమాయించిన పని దాని కింద ఉంటుంది. ఒకేలా ఉన్న జవాబులన్నీ కలిసి ఒకే పట్టీ అవుతాయి. ఎన్నిసార్లు ఆ జవాబు వచ్చిందో పట్టీ అంత వెడల్పు. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో అది మంటలాగా కనిపిస్తుంది, అందుకే 'ఫ్లేమ్ గ్రాఫ్' అనే పేరు వచ్చింది.

దీన్ని చదవడంలో కొత్తవాళ్ళు రెండు చోట్ల పొరపడతారు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుందనుకుంటారు. అలా నడవదు, పట్టీలు అక్షరక్రమంలో ఉంటాయి. ఎత్తుగా ఉన్న మంటను చూసి భయపడతారు. ఎత్తు అంటే ఒక పని ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని పిలిచిన గొలుసు పొడవు మాత్రమే. చూడాల్సింది వెడల్పు, అందులోనూ పైఅంచున బల్లపరుపుగా ఉన్న చోటు. ప్రాసెసర్ సమయం ఖర్చవుతున్నది అక్కడే. ఆరు లక్షల పంక్తుల్లో దాగిన జవాబు ఒక వెడల్పాటి పట్టీగా ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ప్రోగ్రామ్ పాఠానికే రంగులు పూసే సాధనాలు కూడా ఉన్నాయి. బెల్ ల్యాబ్స్‌లో 1992లో చేసిన 'సీసాఫ్ట్' ఒక్కో పంక్తిని సన్నని రంగు గీతగా మార్చి, 50 వేల పంక్తుల దాకా ఒకే తెర మీద చూపింది. ఈమధ్య మార్చిన పంక్తులు ఎరుపు, ఎప్పటినుంచో కదలనివి నీలం. జార్జియా టెక్‌లో జేమ్స్ జోన్స్, మేరీ జీన్ హారోల్డ్, జాన్ స్టాస్కో 2002లో ప్రకటించిన 'టరాంటులా' పరీక్షల ఫలితాలను బట్టి రంగు వేసింది. విఫలమైన పరీక్షల్లో ఎక్కువగా నడిచిన పంక్తి ఎర్రగా, నెగ్గిన పరీక్షల్లో నడిచింది ఆకుపచ్చగా, రెండిటిలోనూ నడిచింది పసుపుగా ఉంటుంది. ఎరుపు ఉన్నచోటే తప్పు ఉందని హామీ లేదు. కానీ వేల పంక్తుల్లో మొదట ఎక్కడ చూడాలో అది చెబుతుంది.

బొమ్మ ఎప్పుడు ఉపయోగపడదు?

ప్రోగ్రామ్‌ను బొమ్మలో పెట్టడం సాధ్యం కాదని గట్టిగా వాదించినవాళ్ళున్నారు. ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, భవనానికి ప్లాను ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌కు స్థలంలో ఆకారం లేదనీ, దాని నిర్మాణాన్ని గీయబోతే ఒకదాని మీద ఒకటి పరుచుకున్న అనేక పటాలు తయారవుతాయనీ అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. పెద్ద ప్రోగ్రామ్‌లో ఏది దేన్ని పిలుస్తుందో మొత్తం గీసి చూడండి, చిక్కుపడిన నూలు ఉండ తప్ప ఏమీ కనిపించదు. అన్నీ చూపించే బొమ్మ ఏదీ చూపించదు.

ఇంకో రకం వ్యర్థమైన బొమ్మ మనకు బాగా తెలుసు. ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసినవాళ్ళందరూ ఫ్లోచార్టులు గీశారు. ఎప్పుడు గీశాం? ప్రోగ్రామ్ పనిచేసి, అవుట్‌పుట్ వచ్చాక, సంతకం కోసం. హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ ఫాన్ నాయ్‌మన్ 1947లో ఆ పటాలను ప్రవేశపెట్టింది కోడ్ రాయడానికి ముందు ఆలోచించుకోవడానికి. ఆలోచన ముగిశాక గీసిన పటం అలంకారంగా మిగులుతుంది. పటాన్ని తప్పుపట్టనక్కర్లేదు, దాన్ని మనం వాడిన వేళ తప్పు.

ఇప్పటిదాకా చూసిన మంచి బొమ్మలన్నీ ఒక్కో ప్రశ్నకే జవాబు చెప్పాయి. ఏ పేరు ఏ పెట్టెను చూపిస్తోంది? ఎవరు ఎవరికోసం ఆగారు? సమయం ఎక్కడ పోతోంది? ముందు ప్రశ్న, తర్వాత బొమ్మ. ఫ్లేమ్ గ్రాఫ్‌ను తెచ్చి పాత్‌ఫైండర్ సమస్యకు పెడితే ఏమీ తెలియదు, ఎందుకంటే ఆగి ఉన్న పని ప్రాసెసర్ సమయం వాడదు. పట్టీల బొమ్మను తెచ్చి మార్కుల జాబితాకు పెట్టినా అంతే.

ఇవాళ మనం అడిగితే కంప్యూటర్లే ప్రోగ్రామ్‌లు రాసి ఇస్తున్నాయి. చదివితే బాగానే ఉంటాయి, చాలాసార్లు నడుస్తాయి కూడా. రాసింది మనం కాకపోయినా, తప్పు జరిగినప్పుడు అది ఎందుకు జరిగిందో చెప్పాల్సింది మనమే. తన చేత్తో రాయని ప్రోగ్రామ్‌ను అర్థం చేసుకోవాల్సిన అవసరం ఇంతకుముందు ఎన్నడూ ఇంతమందికి రాలేదు. అందుకే ఈ విద్య నేర్చుకోవడం తప్పనిసరి అంటాను.

దీనికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. పైన చెప్పిన పైథాన్ ట్యూటర్, బ్రౌజర్లలోని పట్టీలు, ఫ్లేమ్ గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ అన్నీ ఉచితంగా దొరుకుతాయి. వాటికంటే ముందు కావలసింది ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితం. ఈసారి మీ ప్రోగ్రామ్ మొండికేసినప్పుడు వెంటనే ఒక పంక్తి మార్చి చూడకండి. ఆ క్షణాన మెమరీలో ఏముందని మీరు అనుకుంటున్నారో ముందు కాగితం మీద గీయండి. ఆ తర్వాత సాధనం తెరిచి, నిజంగా ఏముందో చూడండి. రెండు బొమ్మలు ఎక్కడ కలవలేదో, మీ తప్పు అక్కడ ఉంటుంది.